వానలు మొదలైతే చాలు కండెన్సర్ మైకులో చిటపట, క్యాప్సూల్ పోయిందా సర్క్యూటా?

తిరుపతి_భజన:
నమస్తే అన్నా. మాది తిరుపతి, ఇంట్లోనే చిన్న రూములో అన్నమయ్య కీర్తనలు రికార్డింగ్ చేస్తా ఉంటాం. పెద్ద క్యాప్సూల్ (గొంతుని పట్టే పొర ఉండే భాగం) కండెన్సర్ మైకు, ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. ఈ తుఫాను వానలు పట్టుకున్నప్పట్నుంచి ఫాంటమ్ (మిక్సర్ నుంచి కేబుల్ మీదే మైకుకి వచ్చే 48 వోల్టుల కరెంటు) వేసిన కాసేపటికి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటా ఉంది, మధ్యలో గొంతు పల్చబడిపోయి మళ్ళీ మామూలవుతుంది. అదే కేబుల్‌కి డైనమిక్ మైకు పెడితే ఏ గోలా లేదు. షాపులో క్యాప్సూల్ పోయింది మార్చాల అంటున్నారు, ఆ డబ్బుకి ఇంకో మైకే వస్తాది. సాల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, యాడ్నించి మొదలుపెట్టేది?

సౌండ్_పని:
డైనమిక్ పలికింది కాబట్టి కేబుల్ బాగుందనుకోవద్దు తమ్ముడూ. దానికి 2, 3 పిన్నులు చాలు, కండెన్సర్‌కైతే కరెంటు తిరిగిపోయేది 1వ పిన్ను మీదే, ఆ పిన్నుకి కలిసే షీల్డు (కేబుల్ లోపలి తీగల చుట్టూ ఉండే వల) తెగినా డైనమిక్‌లో తెలియకపోవచ్చు. ముందు వేరే కేబుల్ పెట్టి చూడు. తర్వాత బాడీ విప్పి, మైకు తగిలించి ఉండగానే 1కీ 2కీ మధ్య, 1కీ 3కీ మధ్య డీసీ కొలిచి ఇక్కడ పెట్టు. మిక్సర్‌లో 48 వోల్టులు ఒక్కో పిన్నుకి 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా వస్తాయి, మైకు లాగే కరెంటుని బట్టి పిన్ను దగ్గర వోల్టేజీ తగ్గుతాది. రెండూ దగ్గరదగ్గరగా ఉండాల. ఒకటి మాత్రం 48 దగ్గరే నిలబడితే ఆ పక్క ట్రాన్సిస్టర్ మీద అనుమానం.

తిరుపతి_భజన:
కేబుల్ మార్చినా అంతే. రెండిట్లోనూ 36 ఉంది. ఫెట్ (క్యాప్సూల్ సిగ్నల్ అందుకునే ట్రాన్సిస్టర్) గేటు కాలు దగ్గర మాత్రం రీడింగ్ ఏందేందో చూపిస్తా ఉంది, ఫెట్ పోయినట్టేనా?

చిత్తూరు_ఎలక్ట్రానిక్స్:
ఫెట్‌ని అప్పుడే పీకొద్దు. 12 వోల్టులు 6.8 కిలో ఓమ్ మీద పడ్డాయంటే పిన్నుకి దాదాపు 1.8 మిల్లీ ఆంపియర్లు, రెండు పక్కలా సమానం, అంటే అవుట్‌పుట్ భాగం బాగానే ఉంది. గేటు దగ్గర ఉండేది 1 గిగా ఓమ్ రెసిస్టరు, మామూలు డిజిటల్ మీటరే 10 మెగా ఓములు, నువ్వు మీటర్ పెట్టగానే అక్కడి వోల్టేజీ కూలబడతాది, ఆ రీడింగ్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. ఫెట్ సోర్సు కాలు దగ్గర కొలువు.

గొంతు పల్చబడుతుందన్నావే, అసలు సంగతి అక్కడుంది. క్యాప్సూల్ కెపాసిటెన్స్ 60 పికోఫారడ్లు అనుకో, 1 గిగా ఓమ్‌తో 3 హెర్ట్జ్ దాకా బేస్ వస్తాది. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ (సాల్డరింగ్‌కి వాడే జిగురు పదార్థం) తేమ పీల్చి అదే 10 మెగా ఓములకి దిగిందా, 265 హెర్ట్జ్ కింద అంతా తగ్గిపోతాది. ఆ లీకేజీ నిలకడగా ఉండదు కాబట్టే చిటపట. ఫాంటమ్ ఆపి కాసేపాగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గేటు, గిగా ఓమ్ రెసిస్టరు, క్యాప్సూల్ వైరు అతికిన చోటు మెత్తటి బ్రష్‌తో కడిగి బాగా ఆరనీ, ఆ తర్వాత అక్కడ వేలు పెట్టొద్దు. క్యాప్సూల్ మీద చుక్క కూడా పడకూడదు, ఆ డయాఫ్రమ్ బంగారు పూత పూసిన, కొన్ని మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ పొర, నోటితో ఊదినా తేమ చేరతాది. దాన్ని రాత్రంతా సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు చాలు.

తిరుపతి_భజన:
అన్నా చిటపట పూర్తిగా పోయింది, గొంతు నిండుగా వస్తా ఉంది!! చాలా థ్యాంక్స్. కానీ ఇప్పుడు బాడీ పట్టుకుంటే గుయ్యిమని హమ్ వస్తా ఉంది, ముందు ఇది లేదు.

సౌండ్_పని:
విప్పి బిగించావు కదా, బాడీకీ 1వ పిన్నుకీ కనెక్షన్ తప్పి ఉంటాది. జాలీకీ ఆ పిన్నుకీ మధ్య కంటిన్యుటీ చూడు, బీప్ రాకపోతే కింది స్క్రూ తగిలే చోట పెయింటు గీకి గట్టిగా బిగించు.