అప్‌డేట్: బాపు కింది దవడ ఆపరేషన్ అయింది

కట్టుడు పళ్లకు ముందు కింది దవడ ఎముకకు ఆపరేషన్ అవసరమా అని మా బాపు గురించి అడిగాను కదా. హన్మకొండలో చేయించాం. నాలుక వైపు పదునుగా ఉన్న ఎముక గట్టును, మత్తు సూది ఇచ్చి, నున్నగా అరగదీసి కుట్లు వేశారు. పళ్లు పోయాక కింది దవడ గట్టు పైదానికంటే సుమారు 4 రెట్లు ఎక్కువ అరుగుతుంది. అందుకే పాత సెట్టు కదులుతూ, ఆ అంచు మీద ఒరుసుకుని పుండ్లు పడేవి.

నా అసలు టెన్షన్ కింది పెదవి తిమ్మిరి గురించే. గడ్డం పక్కన బయటికి వచ్చే నరం దెబ్బతింటే అది ఉండిపోవచ్చు. దేవుడి దయ, బాపుకు స్పర్శ బాగానే ఉంది! గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ మక్క గటుక తింటున్నాడు.

పుండు పూర్తిగా మానాకే కొత్త సెట్టుకు అచ్చు తీస్తారు, మామూలుగా 4 నుంచి 6 వారాలు. దయచేసి డాక్టరును తొందరపెట్టకండి.