అప్‌డేట్: వేట రైఫిల్‌కు చివరకు ఎంచుకున్న సింథటిక్ స్టాక్

నా రెమింగ్టన్ 700 రైఫిల్ చెక్క స్టాక్ (బ్యారెల్‌నూ యంత్రభాగాన్నీ పట్టి ఉంచే, భుజానికి ఆనించే భాగం) తేమకు ఉబ్బి, దాని ముందు భాగం బ్యారెల్‌ను ఒక పక్కకు నెట్టడంతో గురి మారుతోందని, దాని బదులు ఏ సింథటిక్ స్టాక్ మేలని ఇంతకు ముందు అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ స్టాక్‌ను ముందుగా పరిశీలించాను. దానికి తేమతో ఇబ్బంది లేదన్నది నిజమే కానీ, ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కగానే వంగి బ్యారెల్‌కు తగులుతోంది. బైపాడ్ (ముందు భాగం కింద తగిలించే రెండు కాళ్ల ఆధారం) మీద బరువు మోపినా ఇదే జరుగుతుంది కనుక, చెక్కతో పడిన తిప్పలే మరో రూపంలో మొదలవుతాయి. అందువల్ల ఫైబర్‌గ్లాస్ పొరలతో చేసి, లోపల అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్ (యంత్రభాగం కదలకుండా కూర్చునే దిమ్మ) అమర్చిన స్టాక్‌ను తీసుకున్నాను. కార్బన్ ఫైబర్ ఇంకా తేలికే, అయితే రైఫిల్ బరువు తగ్గేకొద్దీ భుజానికి తగిలే దెబ్బ పెరుగుతుంది (ధర సంగతి సరేసరి).

రికాయిల్ లగ్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కు అందించే లోహపు ముక్క) తన గాడిలో వెనక్కి ఆనేలా చూసి, తయారీదారు సూచించిన ప్రకారం స్క్రూలను టార్క్ రెంచ్‌తో 65 అంగుళం-పౌండ్లకు బిగించాను. బ్యారెల్ కింద జరిపిన కాగితం ముక్క రికాయిల్ లగ్ సమీపం దాకా ఎక్కడా పట్టకుండా వెళ్తోంది, అంటే బ్యారెల్ స్టాక్‌కు తగలడం లేదు. ముందు స్క్రూ వదులు చేసినప్పుడు బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఉంచిన వేలికి కదలిక ఏమీ తెలియలేదు కాబట్టి, ఎపాక్సీ బెడ్డింగ్ (యంత్రభాగం సరిగ్గా కూర్చునేలా స్టాక్ లోపల ఎపాక్సీ నింపడం) జోలికి పోలేదు. స్కోప్‌ను మళ్లీ జీరో చేశాక (గుండు తగిలే చోటికి గురిని సరిచేశాక), తడి వాతావరణంలోనూ గురి నిలకడగా ఉంది.

మందపాటి కోటు వేసుకున్నప్పుడు మాత్రం స్టాక్ కాస్త పొడవనిపిస్తోంది. పలుచటి రికాయిల్ ప్యాడ్ (స్టాక్ వెనుక చివర భుజానికి ఆనే మెత్త) కోసం చూస్తున్నాను.