టర్బో పికప్ లోడు మీద లాగకపోతే: ప్రీమియం డీజిలా, రీమ్యాపా?

యార్డ్‌లోడింగ్ (గుంటూరు)
మిర్చి సీజన్‌లో ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తోంది, ఈసారి తేల్చుకుందాం. బండి రెండున్నర లీటర్ల టర్బో డీజిల్ పికప్, 75 హార్స్‌పవర్ తరగతి, బీఎస్6 (కాలుష్య ప్రమాణం). కంపెనీ లోడు 1.7 టన్నులు, అంటే టిక్కీ (మిర్చి బస్తా) 45 కిలోలు లెక్కన 37 టిక్కీలు. హైవే మీద ఇబ్బంది లేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో మూడో గేరు మోయట్లేదు, రెండుకి దించాల్సి వస్తోంది. కొందరు ప్రీమియం డీజిల్ కొట్టించమంటారు, లీటరుకు ఓ మూడు రూపాయలు ఎక్కువనుకోండి. కొందరు ఆటోనగర్‌లో ల్యాప్‌టాప్ పెట్టించి, ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పించి 75ని 95 చేయించుకోమంటారు, అదే రీమ్యాప్. డబ్బు దేని మీద పెట్టాలి?

ఐదోగేరు (విజయవాడ)
ముందు ఇంధనం. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 ఎకోబూస్ట్ టర్బో పికప్‌కి మామూలు ఇంధనం సరిపోతుందంటూనే, ట్రైలర్ లాగడం లాంటి బరువు పనికి ప్రీమియం వాడమని కంపెనీయే చెబుతుంది. టర్బో ఉన్న ఇంజన్‌కి మంచి ఇంధనం పోస్తే లోడు మీద తేడా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఎందుకు కనిపించదు?

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
అన్నా, ఆ ఎకోబూస్ట్ పెట్రోల్ ఇంజన్. అక్కడ ప్రీమియం అంటే ఆక్టేన్ ఎక్కువ, అంటే పెట్రోల్ తనంతట తాను పేలకుండా ఆగే గుణం ఎక్కువ. టర్బో పెట్రోల్ ఇంజన్‌లో లోడు పెరిగితే స్పార్క్ మంట చేరకముందే చివర మిగిలిన గాలి-పెట్రోల్ తనంతట తాను పేలుతుంది, అదే నాకింగ్. నాక్ సెన్సర్ పట్టుకోగానే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, శక్తి పడిపోతుంది. ఆక్టేన్ ఎక్కువుంటే ఆ ఆలస్యం తగ్గి, పోయిన శక్తి తిరిగొస్తుంది.   

మన పికప్‌లో స్పార్క్ ప్లగ్గే లేదు. డీజిల్ తనంతట తాను అంటుకోవడమే ఇక్కడ కావాలి. దాని కొలత సీటేన్. బీఎస్6 మామూలు డీజిల్‌కే సీటేన్ 51 తగ్గకూడదని నియమం. దాన్ని నాలుగైదు పాయింట్లు పెంచితే డీజిల్ పడ్డాక అంటుకునే సమయం కొంచెం తగ్గుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే గరగర శబ్దం తగ్గుతుంది. చలి దేశాల్లో అది పెద్ద లాభం, బెజవాడ ఎండలో కాదు. లీటరులో ఉండే వేడి శక్తి మాత్రం రెండింటిలోనూ ఒకటే. లోడు లాగేది ఆ వేడి, సీటేన్ కాదు.

ఐదోగేరు (విజయవాడ)
ఆక్టేన్ విషయం ఒప్పుకుంటున్నాను, పొరపాటు నాదే. కానీ ప్రీమియం డీజిల్‌లో డిటర్జెంట్ కూడా ఉంటుంది కదా. సిలిండర్‌లోకి డీజిల్ చల్లే కామన్ రైల్ నోజిల్ రంధ్రం మిల్లీమీటరులో పదో వంతు కాస్త అటూ ఇటూ. దాని అంచున కార్బన్ పేరుకుంటే డీజిల్ పొగమంచులా కాకుండా ధారలా పడుతుంది. అది శుభ్రమైతే పోయిన శక్తి రాదా?

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
వస్తుంది. పేరుకున్న మడ్డి వల్ల పోయినంత వరకే వస్తుంది. అరిగిన నోజిల్‌ని, లోపల లీకయ్యే కంట్రోల్ వాల్వ్‌ని ఏ డిటర్జెంటూ బాగు చేయలేదు. శుభ్రంగా ఉన్న ఇంజన్‌కి పోస్తే శుభ్రంగా ఉంచుతుంది, అంతకుమించి శక్తి పెంచదు. లెక్క కూడా చూడండి. డీజిల్ వంద రూపాయలు, లోడు మీద లీటరుకు 12 కిలోమీటర్లు అనుకుంటే, మూడు రూపాయలు ఎక్కువ పెట్టినందుకు కనీసం 12.36 రావాలి. అంత చిన్న తేడాని డ్రైవర్ కాలు, ఎదురుగాలి, టైర్లలో గాలి మింగేస్తాయి. పాత బండికి ప్రీమియం మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలి ఫిల్టర్‌లో చేరొచ్చు. రెండు ట్యాంకులయ్యాక ఫిల్టర్ మార్చండి, లేకపోతే ప్రీమియం కొట్టించాక బండి ఇంకా చెడిందని బాధపడాల్సి వస్తుంది.

మ్యాప్‌ఫైల్ (విజయవాడ)
ఇంధనం మీద నోజిల్‌బెంచ్ గారితో ఏకీభవిస్తాను. రీమ్యాప్ సంగతి వేరు. ఒకే ఇంజన్‌ని కంపెనీ వేర్వేరు మోడళ్లకి వేర్వేరు పవర్‌తో ఇస్తుంది, అంటే లోపల దమ్ము మిగిలి ఉన్నట్టే. మంచి ట్యూనర్ గుడ్డిగా డీజిల్ పెంచడు. 1,600 నుంచి 2,400 ఆర్‌పీఎం మధ్య, అంటే లోడు లాగే చోటే టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పరిమితిని పదిహేను శాతం పెంచుతాడు. దానికి సరిపడా బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కొంచెం పెంచి, పొగ రాకుండా డీజిల్‌కి హద్దు పెట్టే స్మోక్ లిమిటర్‌ని ముట్టుకోడు. పొగ కొట్టే బండి ట్యూన్ అయిన బండి కాదు, చెడగొట్టిన బండి. నూటయాభై రూపాయల రెసిస్టర్ పెట్టి, రైల్ ప్రెషర్ (నోజిళ్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్పే డబ్బా అమ్మేవాళ్లని, సరిగా ఫైల్ రాసేవాళ్లని ఒకే గాటన కట్టొద్దు.

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
ఆ తేడా నిజమే, ఆ డబ్బా ఎవరూ పెట్టించుకోకూడదు. కానీ పదిహేను శాతం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. డీజిల్ ఇంజన్‌లో గాలి బరువు డీజిల్ బరువుకి సుమారు 18 రెట్ల కంటే తగ్గితే నల్లపొగ మొదలవుతుంది. డీజిల్ పెంచితే గాలీ పెంచాలి, అంటే బూస్ట్ పెంచాలి. చిన్న టర్బో షాఫ్ట్ ఇప్పటికే నిమిషానికి లక్షన్నర చుట్లకు పైనే తిరుగుతుంది. ఇంకా తిప్పితే గాలి కన్నా వేడి ఎక్కువ పుడుతుంది. పైగా మన వాతావరణం ఒకటి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో ప్రతి లీటరుకీ బరువు దాదాపు ఆరు శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం ఆ పదిహేనులో ఆరు మొదటే పోయినట్టు. కంపెనీ వదిలిన మిగులు ఉన్నది దీనికే: ఎండకి, ఓవర్‌లోడుకి, నాసిరకం డీజిల్‌కి, మారని ఫిల్టర్‌కి.

అసలు సమస్య వేడి ఎంతన్నది కాదు, ఎంతసేపన్నది. కారు ట్యూన్ చేస్తే ఓవర్‌టేక్ చేసేటప్పుడు పది సెకన్లు ఫుల్ లోడు పడుతుంది. పికప్ ఘాట్ ఎక్కేటప్పుడు నిమిషాల తరబడి పడుతుంది. టర్బోకి ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో వేడి కొలిచే కె-టైప్ థర్మోకపుల్ పెట్టి చూడండి. ఆగకుండా పడే లోడు మీద 700 డిగ్రీలు దాటితే కాలు తీయాలి. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, దాన్ని కాపాడేది కింద నుంచి కొట్టే ఆయిల్ జెట్. వేడి తట్టుకోలేక ముందు పిస్టన్ గిన్నె అంచు పగులుతుంది, లేదా పై రింగు గాడిలో ఇరుక్కుపోతుంది. ఆయిల్ తాగడం అప్పుడు మొదలవుతుంది. రీమ్యాప్ చేసిన రోజున కాదు, ఏడాది తర్వాత. అందుకే ఎవరూ ఆ రెండింటినీ ముడిపెట్టి చూడరు.

మ్యాప్‌ఫైల్ (విజయవాడ)
థర్మోకపుల్ మాట వంద శాతం ఒప్పుకుంటాను. గేజ్ లేకుండా లోడు బండి ట్యూన్ చేయకూడదు. కానీ ఈసీయూలోనే వేడి పెరిగితే డీజిల్ తగ్గించే పట్టికలు ఉంటాయి. వాటిని తీసేయకుండా ఉంచితే ఘాట్‌లో తనంతట తానే తగ్గిపోతుంది.

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
తగ్గిపోతుందంటే మీరు కొన్న పదిహేను శాతం ఘాట్‌లోనే ఉండదన్నమాట. ఆయన అడిగింది ఘాట్ గురించే.

ఆయిల్‌గేజ్ (మంగళగిరి)
ఇద్దరూ వదిలేసిన విషయం ఇంకోటి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో పట్టాల్సిన మసి అంతా ఆ ఫిల్టర్‌లోకే వెళుతుంది. డీజిల్ పెంచితే మసి పెరుగుతుంది, దాన్ని కాల్చే రీజనరేషన్ తరచుగా వస్తుంది. దానికోసం సిలిండర్‌లో ఆలస్యంగా కొట్టే డీజిల్‌లో కొంత గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఊళ్లో చిన్న ట్రిప్పులతో రీజనరేషన్ మధ్యలో ఆగిపోతుంటే ఇంకా ఎక్కువ. ఆయిల్ స్టిక్ తీసి చూడండి. మ్యాక్స్ గీత దాటి పైకొచ్చి, డీజిల్ వాసన వస్తుంటే వెంటనే ఆయిల్ మార్చాలి, పలచబడ్డ ఆయిల్ ముందుగా టర్బో బేరింగ్‌నే తింటుంది. తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

డీపీఎఫ్ తీసేస్తామని, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే దారి) మూసేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి బయటికి వచ్చేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 182ఎ(4) కింద అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. డ్రైవర్‌కి కాదు, యజమానికి.

యార్డ్‌లోడింగ్ (గుంటూరు)
సరేనండి, రీమ్యాప్ పక్కన పెడదాం. కొత్తలో ఇదే లోడుతో మూడో గేరులో ఎక్కే బండి ఇది. అంటే పోయినదేదో ఉంది. ఎక్కడ వెతకాలి?

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
మొదట చెప్పాల్సిన మాట ఇదే. శక్తి కొనకండి, పోయింది వెతకండి. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చండి, డీజిల్ నుంచి నీళ్లు వేరుచేసే సెపరేటర్‌లో చేరిన నీళ్లు బయటికి వదలండి. బ్రేకులు పట్టుకుంటున్నాయేమో చక్రాల మీద చెయ్యి పెట్టి వేడి చూడండి.

తర్వాత బూస్ట్ లీకు. ఎక్కువ బండ్లలో దొంగ ఇక్కడే దొరుకుతాడు. ఇంజన్ ఆపి, టర్బో గాలి పీల్చే వైపు హోస్ ఊడదీసి, దానికి సరిపడే పీవీసీ మూతకి టైర్ వాల్వ్ బిగించి అక్కడ పెట్టండి. కంప్రెసర్‌తో ఒక బార్, అంటే 15 పీఎస్ఐ దాటకుండా మెల్లగా ఎక్కించండి. సబ్బు నీళ్లు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్‌ల మీద, క్లిప్పుల కింద, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు మీద కొట్టండి. ఏదో ఒక వాల్వ్ తెరిచి ఉంటుంది కాబట్టి ప్రెషర్ మెల్లగా పడిపోవడం సహజమే. చూడాల్సింది బుడగలు. హోస్ అడుగున, చేతికి తగలని చోట అంగుళం చీలిక ఉంటే బండి ఖాళీగా ఉన్నప్పుడు తెలీదు, లోడు పడ్డప్పుడే నోరు తెరుస్తుంది.

అది బాగుంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ విప్పి చూడండి. ఈజీఆర్ మసి, ఆయిల్ కలిసి తారులా అంటుకుని ఉంటుంది. సెన్సర్ క్లీనర్‌తో కడగండి, గీకొద్దు. ఆ తర్వాతే నోజిళ్లు: రిటర్న్ పైపులు తీసి నాలుగు సమానమైన సీసాలు పెట్టి, ఐడిల్‌లో ఒక నిమిషం. ఒక సీసాలో మిగతా వాటికి రెండింతలు వస్తే ఆ నోజిల్ లీకు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి సతాయిస్తుంటే ఈ అనుమానం ఇంకా గట్టిది. హై ప్రెషర్ పైపు మాత్రం ఇంజన్ నడుస్తుండగా వదులు చేయొద్దు. వెయ్యి బార్ పైన ఉన్న డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది, చెయ్యి పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఐదోగేరు (విజయవాడ)
ప్రీమియం పరీక్షించాలనుకునేవాళ్లకి కొలిచే పద్ధతి: ఒకే బంకు, ఒకే నోజిల్, మొదటి ఆటో కట్ దగ్గరే ఆపాలి, పైన గ్లాసుడు కూడా పోయించొద్దు. ఒకే దారి, ఒకే లోడు. మామూలుతో మూడు ట్యాంకులు, ప్రీమియంతో మూడు ట్యాంకులు. డీజిల్ మీద అనుమానముంటే బంకులో డెన్సిటీ చూపించమని అడగండి. ఆ రోజు బోర్డు మీద రాసిన అంకెకి మూడు పాయింట్ల లోపు తేడా ఉండాలి. కొలత మీద అనుమానముంటే ఐదు లీటర్ల జార్ అడగండి, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. ఈ రెండూ చూపించడం వాళ్ల బాధ్యత.

మ్యాప్‌ఫైల్ (విజయవాడ)
లీకు ఉన్న బండికి రీమ్యాప్ చేయడం తప్పే, నేనూ ముందు స్కానర్‌తో లాగ్ (నడుస్తున్నప్పటి అంకెల రికార్డు) తీసి కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్ పోల్చే చూస్తాను. యార్డ్‌లోడింగ్ గారు కూడా స్కానర్ దొరికితే మూడో గేరులో, లోడుతో, 1,800 ఆర్‌పీఎం దగ్గర ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి. తేడా ఎక్కువుంటే గాలి పోతోంది. తేడా లేకుండా బండి లాగకపోతే డీజిల్ వైపు చూడాలి.

నోజిల్‌బెంచ్ (ఆటోనగర్)
బూస్ట్ లీకు పరీక్షకు ముందు ఒక్కటి. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు (ఇంజన్ అడుగు భాగంలోని ఆవిరి వదిలేది) టర్బో ముందరి హోస్‌లోనే కలుస్తుంది. దాన్ని ఊడదీసి, హోస్ వైపు రంధ్రం మూసేయండి. అలా చేయకుండా గాలి ఎక్కిస్తే ప్రెషర్ ఇంజన్ కడుపులోకి వెళ్లి ఆయిల్ సీళ్లు బయటికి తన్నేస్తుంది.