యూవీ-బి కాంతికి పెసర ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టు కోసం గదిలో పెసర మొక్కలపై యూవీ-బి (280–315 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి) ట్యూబులైటు వేస్తున్నాను. ట్యూబుకు సెల్యులోజ్ అసిటేట్ షీటు చుట్టాను కాబట్టి ఇంకా హానికరమైన యూవీ-సి తగలదు. యూవీ-బిని ఆపే పాలిస్టర్ షీటు కింద, పోలిక కోసం ఉంచిన కంట్రోల్ మొక్కలు నిగనిగలాడుతున్నాయి. మిగతావాటికి మాత్రం ఆకు అంచులు ముడుచుకుని, ఈనెల మధ్య రాగి రంగు తిరిగింది. చూస్తే బాధేస్తోంది.

మొక్కలోని యూవీఆర్8 అనే కాంతి గ్రాహకం యూవీ-బిని పసిగడితే మొక్క ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలను పెంచుకుంటుందని, అవి ఆకు పైపొరలో గొడుగులా అడ్డుపడతాయని చదివాను. కానీ దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసే ఫోటోలయేజ్ ఎంజైమ్‌కు నీలికాంతి, యూవీ-ఏ కావాలి కదా! గదిలో మామూలు వెలుతురే తక్కువ, అందుకే నష్టం ఎక్కువైందని నా అనుమానం. ఎల్‌ఈడీలు పెంచితే సరిపోతుందా, కుండీలను ఎండలోకి మార్చాలా? ఇలాంటి ప్రయోగం చేసినవాళ్లు దయచేసి చెప్పండి.