షిరితోరిలో పట్టుకునేది చివరి అక్షరమా, చివరి మాత్రా?

మొన్న ఇక్కడ అంతాక్షరి అనాలా అంత్యాక్షరి అనాలా అని చర్చ నడిచింది కదా, అది చదివినప్పటి నుంచి జపాన్ వాళ్ళ షిరితోరి గురించి రాయాలని ఉంది. నేను టోక్యోలో, నిషికసాయ్ వైపు ఉంటాను. షిరి అంటే వెనక భాగం, తోరి అంటే పట్టుకోవడం. ఒకరు అన్న మాట తోక పట్టుకుని ఇంకొకరు మాట చెప్పాలి. చిన్నపిల్లల ఆటే గానీ ఆఫీసు వాళ్ళతో కరావొకేకి వెళ్తే పెద్దవాళ్ళు కూడా దీన్నే పాటల పేర్లతో ఆడతారు. మనం పాడుతూ ఆగిన చోటి అక్షరం తీసుకుంటాం, వాళ్ళు పాట పేరు చివర ఏముందో చూసి, దానితో పేరు మొదలయ్యే పాట వెతుక్కుని పాడతారు.

నేను మొదటిసారి ఆడినప్పుడు పక్కనున్నాయన సకమొతొ క్యూ పాడిన ‘ఉఎ ఒ ముఇతె అరుకో’ ఎత్తుకున్నాడు. 1961 పాట, 1963లో ‘సుకియాకి’ అనే పేరుతో అమెరికాలో కూడా మొదటి స్థానానికి వెళ్ళింది. పేరు చివర నా చెవికి ‘కో’ అని సాగినట్టు వినిపించింది, సాగేది ఒకారమే కదా అని ‘ఒకురు కొతొబ’ ఎంచుకున్నాను. కాదు కాదు, ‘ఉ’తో మొదలవ్వాలి అన్నారు అందరూ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు ఆయన కాగితం మీద రాసి చూపించాడు: అ, రు, కొ, ఉ. పలకడం అరుకో అనే పలుకుతారు, రాసేటప్పుడు మాత్రం ఆ దీర్ఘానికి వేరే అక్షరం, ఉ, వస్తుంది. అంటే ఆ పాట ఉతో మొదలై ఉతోనే ముగుస్తుంది. చివరికి ‘ఉమి’ (సముద్రం) అనే పిల్లల పాటతో గట్టెక్కాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే తట్టింది. వాళ్ళు లెక్కపెట్టేది మన ఛందస్సులో చెప్పే మాత్రలే (పలకడానికి పట్టే కాలం లెక్క: లఘువుకు ఒకటి, గురువుకు రెండు)! అ రు కో అంటే మనకు అక్షరాలు మూడు, మాత్రలు నాలుగు (లఘువు, లఘువు, గురువు). వాళ్ళకూ నాలుగే. కో అనే గురువులో రెండో మాత్రను విడదీసి చేతికిస్తారు, మనం దాన్ని పట్టుకోవాలి. సున్న సంగతీ ఇంతే. సదా మసాషి 1979లో పాడిన ‘కంపకు సెంగెన్’ చూడండి, మన లెక్కలో కం (2) ప (1) కు (1) సెం (2) గెన్ (2), మొత్తం ఎనిమిది. వాళ్ళు చెప్పినా ఎనిమిదే, ఎందుకంటే ప్రతి ‘న్’కీ విడిగా ఒక అక్షరం, ఒక మాత్ర ఉన్నాయి. ఆ ‘న్’తో మొదలయ్యే మాట జపనీస్‌లో లేదు కాబట్టి దానితో ముగిసే పేరు చెప్పినవాడు ఓడిపోయినట్టే. (చాద్ దేశ రాజధాని ఎన్‌జమేనాను వాళ్ళు న్‌తో మొదలుపెట్టి రాస్తారు, అది చెప్పి తప్పించుకోవాలని చూసేవాళ్ళు ఉంటారు, కానీ చాలామంది ఒప్పుకోరు.) మా ఇంట్లో అంతాక్షరి ఆడితే మాత్రం ‘అందం’ దగ్గర ఆగినప్పుడు మ తీసుకునేవాళ్ళం, వెనక ‘అందము’ ఉంది కాబట్టి అది న్యాయమే అని ఇప్పటికీ అంటాను. ణ వస్తే న, ళ వస్తే ల. మనది దారి తెరిచి పెట్టే ఆట, వాళ్ళది దారి మూసేసే ఆట.

ఒక్కచోట మాత్రం మాత్ర లెక్క కూడా చాలదు. కిష అంటే రైలు, దాన్ని కి, షి, చిన్న య అని రాస్తారు, చివర ఉన్నది షనా యనా అని ప్రతిసారీ వాదన. మన దగ్గర ‘సత్య’ అని ఆగితే త్య ఎక్కడి నుంచి తేవాలి, య ఇచ్చెయ్ అంటాం చూడండి, అచ్చం అదే. ఆట మొదలుపెట్టే ముందే తేల్చుకోవడం మంచిది.

జవాబు: చాలా బాగుందండీ, మాత్రల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. మనకు ఠ వస్తే చచ్చినట్టే, మరి వాళ్ళకు ఏ అక్షరం కష్టం? పాట వెతకడం ఎలా మరి, లిపి రాకపోతే?

నా జవాబు: ‘రు’ అండీ, అందరూ భయపడేది దానికే. అచ్చ జపనీస్ మాటలు రకారంతో మొదలుకావు, ఉన్నవి దాదాపు అన్నీ చైనా నుంచో ఇంగ్లీషు లాంటి బయటి భాషల నుంచో వచ్చినవి. మూలద్రావిడంలోనూ మాట మొదట ర, ల లేవు, కానీ మన తెలుగు అచ్చును వెనక్కి నెట్టి వాటిని ముందుకు తెచ్చుకుంది. తమిళం ఇరండు మనకు రెండు, ఉరల్ మనకు రోలు. అందుకే మనకు ర వస్తే టెన్షన్ లేదు, వాళ్ళకు ఉంది. 1977 పాట ‘త్సుగరు కైక్యో ఫుయుగెషికి’ కితో ముగుస్తుంది, దానికి అదే ఏడాది పాట ‘కితగుని నొ హరు’ వేస్తే అవతలివాడికి రు పడుతుంది. తెరావొ అకిర 1981లో పాడిన ‘రుబీ నొ యుబివ’ దాచుకున్నవాడే అక్కడ బతుకుతాడు, దాని తరవాత వ.

వెతకడం మనకు సులువే. గదిలో ఇచ్చే టాబ్లెట్‌లో పేరు మొదటి అక్షరం నొక్కితే పాటలు వరసగా వస్తాయి, ఆ వరస అ ఇ ఉ ఎ ఒ, తరవాత క స త న హ మ య ర వ. చ ఉండాల్సిన చోట స, ప ఉండాల్సిన చోట హ పెట్టి చూడండి (ఆ హ ఒకప్పుడు పకారమే), ట వర్గం లేదు, మిగతాదంతా మన వర్ణమాల. బౌద్ధులతో పాటు వెళ్ళిన సిద్ధం అనే పాత భారతీయ లిపి చదువు నుంచి వాళ్ళకు వచ్చిన వరస అది. అందుకే లిపి నేర్చుకున్న వారంలోనే నేను ఆ పట్టికలో తడుముకోకుండా పాట తీయగలిగాను, ర వరస ఎక్కడుంటుందో వేలికి ముందే తెలుసు.