చాస్టైన్ గోడ పరుగుపై నిషేధం సబబేనా?

పిట్‌రోడ్:
అమెరికాలో నాస్కార్ సంస్థ నడిపే స్టాక్ కార్ (మామూలు కారు ఆకారంలోని రేసు కారు) పందేలను అనుసరించే మిత్రుల ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాను. 2022 అక్టోబరు 30న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్‌పై చివరి ల్యాప్‌లో డ్రైవర్ రాస్ చాస్టైన్ పదో స్థానంలో ఉన్నాడు. టైటిల్ కోసం తలపడే ఆఖరి నలుగురిలో చోటు దక్కాలంటే అతడు పాయింట్లలో డెనీ హామ్లిన్‌ను మించాలి, అందుకు మరో రెండు కార్లను దాటాలి. మూడో మలుపు దగ్గర అందరూ బ్రేకు వేస్తుండగా అతడు ఐదో గేరు వేసి, యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి, కారును బయటి గోడకు ఆనించి స్టీరింగ్‌ను దాదాపుగా వదిలేశాడు. గోడే కారును మలుపు తిప్పింది. అయిదు కార్లను దాటి ఐదోవాడిగా గీత దాటాడు. ఆ ల్యాప్‌కు పట్టిన 18.845 సెకన్లు ఆ ట్రాక్‌పై కప్ (నాస్కార్ అగ్రశ్రేణి పోటీ) కార్లకు రికార్డు. చిన్నప్పుడు వీడియో గేములో ఆడిన ఎత్తు అని తర్వాత అతడే చెప్పుకున్నాడు.

2023 జనవరి చివర్లో నాస్కార్, కొత్త నియమమేదీ రాయకుండానే, అప్పటికే ఉన్న భద్రతా నియమం కింద ఇకపై ఇలాంటి పనికి సమయ జరిమానా వేస్తామని ప్రకటించింది. ఆ ప్రకటనను నేను తప్పుపట్టను. అయితే ఒక్కొక్క దశలో కొందరిని ఏరివేస్తూ చివరికి నలుగురిని మిగిల్చే పోటీ పద్ధతిని 2014లో తెచ్చి 2025 దాకా నడిపింది నాస్కారే. సీజన్ పొడవునా పడ్డ కష్టమంతా రెండు స్థానాల తేడాలో పోతుందని తెలిసిన డ్రైవర్ గోడను కాకపోతే మరొకదాన్ని వెతుక్కుంటాడు. తెగింపుకు బహుమతి పెట్టినవారే దానికి జరిమానా కూడా వేయడం నాకు సమంజసంగా తోచలేదు.

కాంక్రీటు గోడ:
పిట్‌రోడ్ గారూ, మీ వాదన వినడానికి బాగుంది కానీ ఆ గోడ దగ్గర నిలవదు. నాలుగో మలుపులో గోడకు ఉన్న గేటును తన కారు పట్టుకోకూడదని ఆశపడ్డానని చాస్టైన్ స్వయంగా చెప్పాడు. అంటే ఏం జరగవచ్చో అతడికి తెలుసు, అయినా తొక్కాడు. ఆ గేటు అంచుకు కారు ముక్కు తగులుకుని ఉంటే ఈ చర్చ మరో రకంగా సాగేది. అది అరమైలు ట్రాక్ కాబట్టి సరిపోయింది. అదే పనిని పెద్ద ట్రాక్‌పై నలుగురైదుగురు ఒకేసారి చేస్తే ఏమవుతుందో ఊహించండి.

గోడకు అవతల జనం ఉంటారన్న సంగతి కూడా మరవకూడదు. 1987లో టల్లడేగాలో బాబీ అలిసన్ కారు గాలిలోకి లేచి, ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చి కొందరిని గాయపరిచాకే, అలాంటి అతివేగపు ట్రాక్‌లపై ఇంజన్ శక్తిని తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేట్లు 1988లో వచ్చాయి. ఈ క్రీడలో భద్రత చరిత్ర చాలావరకు చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చరిత్రే. ఈ ఒక్కసారి ఎవరికీ దెబ్బ తగలకముందే అడ్డుకట్ట వేస్తే దానినీ తప్పుపడితే ఎలా?

షార్లెట్ వాసి:
నేను ఉండేది నార్త్ కరోలినాలో. చాలా జట్ల వర్క్‌షాపులు మా చుట్టుపక్కలే ఉండటం వల్ల ఇక్కడి తెలుగువాళ్లలోనూ ఈ పందేలు చూసేవారు కొందరున్నారు. ఇద్దరూ డ్రైవర్ తెగింపు చుట్టూనే తిరుగుతున్నారు కాబట్టి కారు సంగతి చెబుతాను. గోడ పరుగు అందరి కళ్లూ పడిన ప్రమాదం. అదే ఏడాది జులైలో పొకోనోలో, పందెంలో కూడా కాదు, బయలుదేరే వరుసను తేల్చే క్వాలిఫయింగ్ పరుగులో కర్ట్ బుష్ కారు గోడకు తగిలింది. చూడటానికి రోజూ జరిగే ప్రమాదంలాగే ఉంది. మెదడు అదిరిన ఆ దెబ్బ తర్వాత, 2004 చాంపియన్ అయిన బుష్ మళ్లీ పందెంలో దిగలేదు, 2023లో పూర్తిగా విరమించుకున్నాడు. సెప్టెంబరులో టెక్సస్‌లో అలెక్స్ బౌమన్‌కు అలాగే తగిలి అయిదు పందేలు పోయాయి. ఆ ఏడాదే వచ్చిన నెక్స్ట్ జెన్ అనే కొత్త నమూనా కారు వెనుక భాగం మరీ బిరుసుగా ఉండి, దెబ్బను తాను మింగకుండా డ్రైవర్‌కు అందించిందన్నది డ్రైవర్ల ఫిర్యాదు. 2023కు ఆ భాగాన్ని మార్చారు. వీరిద్దరూ ఏ తెగింపూ చేయలేదు.

అలాగని అంతా డ్రైవర్ల ఇష్టానికి వదిలేయమని నేను అనడం లేదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 పందెం చివరి ల్యాప్‌లో పుర్రె అడుగుభాగం చిట్లి డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయినప్పుడు అతడి మెడకు హాన్స్ పరికరం లేదు, తలకు ఉన్నది ముఖం తెరిచి ఉండే హెల్మెట్. హాన్స్ అంటే భుజాలపై కూర్చునే గట్టి పట్టీ. బెల్టులు దాన్ని అదిమిపెడతాయి, దాని నుంచి వచ్చే తాళ్లు హెల్మెట్‌కు తగిలించి ఉంటాయి కాబట్టి శరీరం ఆగిపోయినా తల ముందుకు విసిరినట్టు పోదు. మెడ బిగిసినట్టుంటుందని చాలామందికి అది గిట్టేది కాదు. ఆ అక్టోబరులో తల, మెడ రక్షణను తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాది ఇండియానాపొలిస్‌లో, కాంక్రీటుకు ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనుక ఫోమ్ దిమ్మెలు అమర్చిన సేఫర్ గోడ వచ్చింది. ఎర్న్‌హార్ట్ తర్వాత కప్ పందేల్లో డ్రైవర్ ఎవరూ మరణించలేదు. 2020 డేటోనాలో రయన్ న్యూమన్ కారు తిరగబడి, డ్రైవర్ తలుపు వైపు మరో కారు వచ్చి గుద్దినా, రెండు రోజులకే అతడు ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి వచ్చాడు.

పిట్‌రోడ్:
షార్లెట్ వాసి గారు చెప్పింది నా మాటకే బలం. మనుషులను కాపాడింది తెగింపును తిట్టడం కాదు, నియమం, సేఫర్ గోడ, హాన్స్ పరికరం. ఇక పోటీ పద్ధతి సంగతికి వస్తే, 2024 ఆగస్టులో రిచ్‌మండ్ చివరి ల్యాప్‌లో ఆస్టిన్ డిల్లన్, ముందున్న జోయీ లొగానోను, ఆ వెంటనే హామ్లిన్‌ను గుద్ది గెలిచాడు. నాస్కార్ గెలుపును అలాగే ఉంచి, దానితో వచ్చే ప్లేఆఫ్ (టైటిల్ కోసం సాగే ఆఖరి దశ పందేలు) అర్హతను మాత్రం రద్దుచేసింది. బహుమతిని తీసేయడం అంటే ఇదే. ముందే ఇలా ఆలోచించి ఉండవలసింది.

కాంక్రీటు గోడ:
బహుమతిని తీసేయడం బాగుంది, కానీ కోపంతో గుద్దేవాడికి బహుమతితో పనేముంది? ముందున్న కారు వెనుక కుడి మూలను తాకి దాన్ని కుడి గోడలోకి తిప్పే రైట్ హుక్‌కు 2022లో బబ్బా వాలెస్‌ను, 2023లో చేజ్ ఎలియట్‌ను ఒక్కో పందెం నుంచి సస్పెండ్ చేశారు. 2025 మార్చిలో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో అదే పని చేసిన డ్రైవర్ ఆస్టిన్ సిండ్రిక్‌ను 50 పాయింట్ల కోతతో, 50,000 డాలర్ల జరిమానాతో వదిలేశారు. అక్కడ వేగం తక్కువన్నది ఒక వాదన. తాకేవాడు ముందుగా వేగం చూసుకుని తాకడు కదా. ఆ పోటీ పద్ధతి తప్పన్న మాటకు నేనూ మీతో సంతకం పెడతాను, కానీ రైట్ హుక్‌కు వేగంతో, ట్రాక్‌తో నిమిత్తం లేకుండా సస్పెన్షనే శిక్ష కావాలని అదే కాగితంలో రాయాలి.