మద్ద్ అక్షరాలు: ఎక్కడ సాగదీయాలి, ఎంత సాగదీయాలి?

తాలిబ్:
అస్సలాము అలైకుమ్. ఖాయిదా (అరబీ అక్షరాల తొలి పాఠపుస్తకం) పూర్తయింది, ఇప్పుడు ముస్హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) చూసి చదువుతున్నాను. అలిఫ్, వావ్, యా అనే మద్ద్ (సాగదీత) అక్షరాల దగ్గరే తప్పులు పోతున్నాయి. మాట చివరి జబర్ ("అ" గుర్తు), పేష్ ("ఉ" గుర్తు) నాకు తెలియకుండానే సాగిపోతున్నాయి: "నఅ్‌బుదు" కాస్తా "నఅ్‌బుదూ" అవుతోంది. నిజంగా సాగదీయాల్సిన చోట మాత్రం తొందరలో మింగేస్తున్నాను. "2 హర్కత్‌లు" (పొట్టి అచ్చులు) అంటే ఎంతసేపు? వేళ్లు ముడిచి లెక్కపెట్టడం సరైనదేనా? అలిఫ్ రాసి ఉన్నా చదవకూడని చోట్లను ఎలా గుర్తుపట్టాలి?

తర్తీల్:
వ అలైకుముస్సలామ్. ఇది గడియారంతో కొలిచేది కాదు భాయ్, నిష్పత్తితో కొలిచేది. "బ బ" అని రెండు జబర్‌లు పలకడానికి మీకు ఎంతసేపు పడుతుందో, "బా" అంతసేపు ఉండాలి. ఛందస్సు తెలిసినవాళ్లకు ఇది తేలిక: హర్కత్ ఒక మాత్ర, మద్ద్ రెండు మాత్రలు. కానీ అక్కడే ఒక చిక్కుంది. తెలుగులో సంయుక్తాక్షరం ముందున్న హ్రస్వం కూడా గురువే. ఆ లెక్క ఇక్కడికి తేకండి. "ఇయ్యాక"లో "ఇ" తర్వాత తష్దీద్ (ద్విత్వపు గుర్తు) ఉంది కాబట్టి యా మీద ఒత్తు పడుతుంది, "ఇ" మాత్రం పొట్టిగానే ఉండాలి.

వేళ్ల లెక్క మొదట్లో పనికొస్తుంది. అయితే మద్ద్ పొడవయ్యేకొద్దీ వేలు నెమ్మదిస్తుంది, 4 అనుకున్నది 6 అవుతుంది. అందుకే చెవిని నమ్ముకోవాలి. "నూహీహా" (సూరా హూద్, 49వ ఆయత్) తీసుకోండి. మూడు మద్ద్ అక్షరాలూ ఒకే మాటలో ఉన్నాయి: పేష్ తర్వాత వావ్, జేర్ ("ఇ" గుర్తు) తర్వాత యా, జబర్ తర్వాత అలిఫ్. మూడూ సమానంగా వినపడాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే సాధారణంగా మధ్యలోని "హీ" కురచైపోయి దొరుకుతుంది. నెమ్మదిగా చదివినా వేగంగా చదివినా నిష్పత్తి మారదు.

ఇక చివర సాగడం. తర్వాతి మాట కోసం కళ్లు వెతుకుతుంటే నోరు చివరి అచ్చును పట్టుకుని వేలాడుతుంది, అదే కారణం. మందు ఏమిటంటే "నఅ్‌బుదు వ ఇయ్యాక"ను ఒకే మాటలా "నఅ్‌బుదువఇయ్యాక" అని అతికించి పదిసార్లు అనండి. ఆగాల్సి వస్తే పేష్ ఉండనే ఉండదు, "నస్తఈన్" అని సుకూన్‌తో (అచ్చు లేకుండా) ఆగుతాం.

దీన్ని చిన్న విషయంగా చూడకండి. "ఖలఖ్నా" అంటే మేము సృష్టించాము, "ఖలఖ్న" అంటే ఆ స్త్రీలు సృష్టించారు. ఒక్క అలిఫ్ పోతే అర్థమే మారిపోతుంది. అందుకే దీన్ని లహ్నె జలీ (స్పష్టమైన తప్పు) అంటారు.

మఖ్రజ్:
పొడవుతో పాటు స్వరం కూడా చూసుకోవాలి. వావ్‌కు పెదవులు పూర్తిగా గుండ్రమై ముందుకు రావాలి, లేకపోతే "ఖూలూ" కాస్తా "ఖోలో"కు జారుతుంది. యాకు కింది దవడ దిగాలి, "ఈ" ఎక్కడా "ఏ" కాకూడదు. హఫ్స్ రివాయత్‌లో (మనం చదివే పఠన పద్ధతిలో) "ఏ" వినపడేది ఒక్క చోటే: సూరా హూద్ 41లో "మజ్రేహా". అలిఫ్‌కు సొంత రంగు లేదు, ముందున్న అక్షరాన్ని అనుసరిస్తుంది. "కాన"లో పలచగా, "ఖాల"లో బరువుగా.

ముక్కు సంగతి చాలామంది పట్టించుకోరు. "అన్నాస్", "అర్రహ్మాన్"లలో నూన్, మీమ్ పక్కన ఉండటంతో "ఆ" కూడా ముక్కులోకి పోతుంది. "నా" అని సాగదీస్తూ మధ్యలో ముక్కు మూయండి. స్వరం మారిందంటే గాలి ముక్కులోంచి వస్తోందన్నమాట. మారకపోతే సరిగ్గానే ఉంది.

ముందు జబర్ ఉంటే వావ్, యా మద్ద్ కావు, లీన్ (మెత్తని అక్షరాలు). "ఖౌఫ్", "బైత్" అనాలి. ఉర్దూ అలవాటులో "ఖోఫ్", "అలేహిమ్" అనేస్తాం, అది తప్పు.

వక్ఫ్:
చదవని అలిఫ్‌ల గురించి. ముందు ఫాతిహాలోనే చూడండి. "ఇహ్దినా" చివరి అలిఫ్, "వలా" చివరి అలిఫ్ రెండూ రాసి ఉన్నాయి, కానీ ఆ వెంటనే సుకూన్ వస్తోంది. మద్ద్ అక్షరం తర్వాతి మాట సుకూన్‌తో కలిస్తే మద్ద్ పడిపోతుంది: "ఇహ్దినస్సిరాత", "వలద్దాల్లీన్". సూరా నమ్ల్ 15లో "ఖాలల్ హమ్దు" కూడా అంతే. అన్నది ఇద్దరు, అది తెలియాలని కొందరు "ఖాలా" అని సాగదీస్తారు, కూడదు.

"అన" (నేను) చివరి అలిఫ్ కలిపి చదివితే పోతుంది, ఆగితే ఉంటుంది. బహువచన వావ్ తర్వాతి అలిఫ్ ఎప్పుడూ పలకదు. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది నమ్ల్ 21: "లఅజ్బహన్నహూ"లో అదనపు అలిఫ్ ఉంది. దాన్ని చూసి "లా" అన్నారంటే "తప్పక కోస్తాను" కాస్తా "కోయను" అవుతుంది. మదీనా ముస్హఫ్‌లో ఇలాంటి అక్షరాల మీద గుండ్రటి సున్నా ఉంటే ఎప్పుడూ చదవకూడదు. కోలగా నిలువు సున్నా ఉంటే కలిపినప్పుడు వదిలి, ఆగినప్పుడు చదవాలి.

దీనికి తిరగేసిన సంగతి: అలిఫ్ లేకపోయినా ఖడా జబర్ (నిలువు జబర్) ఉంటే 2 హర్కత్‌లే. ఖడీ జేర్ (నిలువు జేర్), ఉల్టా పేష్ (తిరగేసిన పేష్) కూడా అంతే.

తాలిబ్:
జజాకల్లాహు ఖైరన్. "వలద్దాల్లీన్"లో "దా" ఎంత? నేను సాగదీస్తే లామ్ దగ్గర తడబడుతోంది.

తర్తీల్:
అది మద్దె లాజిమ్ (తప్పనిసరి మద్ద్), 6 హర్కత్‌లు, తగ్గించే వీలు లేదు. "దా" సాగినంతసేపూ స్వరం నిటారుగా ఉండాలి, ఊగితే ఒక్క అలిఫ్ రెండు మూడుగా వినపడుతుంది. తడబాటుకు కారణం ఊపిరి అయిపోవడమే, దాంతో తష్దీద్ పోయి "దాలీన్" మిగులుతుంది. "గైరిల్" దగ్గర మొదలుపెట్టేముందే నిండుగా ఊపిరి తీసుకోండి. "దాల్" అని నాలుకను లామ్ మీద ఆనించి, విడవకుండా "లీన్" అనండి. చివరి "లీన్" ఆగినప్పుడు 2, 4, 6లో ఏదైనా సరే, కానీ ఒక్కసారి కూర్చుని చదివేటప్పుడు అన్ని ఆయత్‌ల చివరా అదే లెక్క.

మఖ్రజ్:
తర్వాత హమ్జా (గొంతులో ఆగి పలికే అక్షరం) వచ్చే మద్ద్‌లదీ ఇదే పద్ధతి. షాతిబీ మార్గంలో (ఇమామ్ షాతిబీ నమోదు చేసిన పరంపరలో) హఫ్స్‌కు "జాఅ"లాంటి ముత్తసిల్ (హమ్జా అదే మాటలో), "ఇన్నా అఅ్‌తైనాక"లాంటి మున్ఫసిల్ (హమ్జా తర్వాతి మాటలో) రెండూ 4 లేదా 5. మున్ఫసిల్ 4 ఎంచుకుంటే ముత్తసిల్ కూడా 4. ముత్తసిల్‌ను 2కు కుదించిన ఖిరాఅత్ (పఠన సంప్రదాయం) పదింటిలో ఒక్కటీ లేదు, తొందరలో ఉన్నా దాన్ని తగ్గించకండి.